ఫజ్లె హక్ ఖైరాబాదీ ద్వీపాంతర రచన

డిగ్నాబాద్ అండమాను ద్వీపాల ముఖ్యపట్టణంలోని ఒక పేట. పోర్టు బ్లేయరుగా ప్రసిద్ధమై, 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చుకొన్న ఆ పట్టణానికి తెలుగు పరాయిభాష కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాలలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. ఆ పట్టణంలోనే సౌత్ పాయింట్ అనే చోట ఒక సమాధి ఉన్నది. 1861 ఆగస్టులో అక్కడ ఖైదీగా కన్నుమూసిన అల్లామా ఫజ్లె హక్ ఖైరాబాదీ సమాధి అది. తార్కికుడుగా, ఇస్లామీయ రాజకీయ చింతకుడుగా ఆయనకు గల ప్రతిష్ఠ గొప్పది. అయితే ఆ ప్రతిష్ఠకు ఆధారంగా సాధారణంగా చూపేది ఒకటి. పరీక్షకు నిలిచేది మరొకటి. ఈ భేదాన్ని గుర్తించనిదే ఆయన రచనకు న్యాయం జరగదు.

ఫజ్లె హక్ 1797లో అవధ్ ప్రాంతంలోని ఖైరాబాదులో జన్మించారు. తండ్రి ఫజ్లె ఇమామ్ తర్కశాస్త్రంలో పాఠ్యగ్రంథం రచించిన పండితుడు. ఢిల్లీలో కంపెనీ ప్రభుత్వం క్రింద ఉన్నతోద్యోగి. కుమారుడు పసితనంలోనే విద్య ముగించి, తానూ కొంతకాలం కంపెనీ కొలువులో ఉండి, తరువాత దానిని వదలుకొని ఝజ్జర్, రాంపూర్, లక్నో మొదలైన దర్బారులను ఆశ్రయించారు. మహాకవి గాలిబ్ ఆయనకు ఆప్తమిత్రుడు. గాలిబ్ తన ఉర్దూ కవితా సంపుటి నుంచి క్లిష్టమైన పద్యాలను తొలగించడానికి ఫజ్లె హక్ సలహా ఒక కారణమని ఉర్దూ సాహిత్య చరిత్రకారులు చెబుతారు. షా ఇస్మాయీల్ దెహ్లవీతో ఆయన జరిపిన మతసిద్ధాంత వాదం ఆ కాలపు పండితలోకాన్ని రెండుగా చీల్చినది. ఆ దశలో ఆయనను తిరుగుబాటుదారుగా ఊహించడానికి తావు లేదు. పాండిత్యం, పాత మర్యాదలు, ప్రభువుల ఆదరణ, ఇవే ఆయన ప్రపంచం.

1857 ఆ ప్రపంచాన్ని కూల్చివేసినది. ఆంగ్లేయులపై పోరు ధర్మబద్ధమని ఢిల్లీ ఉలేమాలు ప్రకటించిన ఫత్వాకు ఫజ్లె హక్ కర్త అన్నది బహుళ ప్రచారం పొందిన కథ. న్యాయస్థానంలో ఆయన ఆ ఫత్వా తనదేనని ధైర్యంగా ఒప్పుకొన్నారన్నది దానికి అనుబంధం. కానీ ఆ ఏడాది జూలైలో ఢిల్లీ పత్రికలో అచ్చయిన ఫత్వా సంతకాలలో ఆయన పేరు కానరాదు. ఆయన ఢిల్లీ చేరినట్లు సమకాలిక దినచర్యలు సూచించేది ఆగస్టు నెలలో. ఇంతియాజ్ అలీ అర్షీ, మాలిక్ రామ్ వంటి పరిశోధకులు ఈ విషయాన్ని చాలాకాలం క్రిందటే ఎత్తిచూపారు. 1859 మార్చిలో యావజ్జీవ ద్వీపాంతరవాసం, ఆస్తి జప్తు శిక్షలు పడిన తరువాత ఆయన పంపుకొన్న విన్నపాలలో, అదే పేరుగల మరొకరికి బదులు తనను శిక్షించారన్న వాదం ఉన్నది.

దీనివలన ఆయన గౌరవం తగ్గునా? వీరగాథను మాత్రమే కోరేవారికి తగ్గవచ్చును. అరవై దాటిన పండితుడు ప్రాణరక్షణకు విన్నవించుకొనడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మీదుమిక్కిలి, ఆయన గొప్పతనం ఒక సంతకం మీద ఆధారపడి లేదు. అది 'అస్సౌరతుల్ హిందియ్యా' అనే చిన్న అరబ్బీ గ్రంథం మీద, దానితో కూడిన ఖసీదాల మీద ఆధారపడి ఉన్నది.

1859 అక్టోబరులో ఆయన అండమాను చేరేనాటికి ఆ శిక్షాస్థావరం ఏర్పడి రెండేండ్లు కూడా కాలేదు. నేడు యాత్రికులు దర్శించే సెల్యులర్ జైలు ఆయన చూడనేలేదు; అది పూర్తయినది 1906లో. అడవి నరుకుడు, మట్టి మోత, రోగం, ఇవే నాటి శిక్షలు. ఆ స్థితిలో గుడ్డపేలికల మీద, కాగితపు ముక్కల మీద బొగ్గుతో ఆయన ఈ రచన సాగించారని, తోటి ఖైదీ ముఫ్తీ ఇనాయత్ అహ్మద్ కాకోరవీ విడుదలై వెళ్లుతూ దానిని కుమారునికి చేర్చారని సంప్రదాయం. 1947లో అబ్దుల్ షాహిద్ షేర్వానీ ఉర్దూ అనువాదంతో దానిని 'బాఘీ హిందూస్తాన్' పేర వెలువరించారు.

గ్రంథం చిన్నది, ఆలోచన పెద్దది. తిరుగుబాటుకు తూటాల కొవ్వు ఒక్కటే కారణమని రచయిత తృప్తిపడలేదు. పాత పాఠశాలలను అణచి బాలుర మనస్సులను మార్చుట, రైతు పండించిన ధాన్యాన్ని వశపరచుకొని ప్రజలను అన్నానికి తమపై ఆధారపడజేయుట, ఈ రెండూ పరపాలనకు ఆయువుపట్టులని ఆయన గుర్తించారు. విద్యనూ అన్నాన్నీ ఒకే రాజకీయసూత్రంతో ముడివేసిన ఈ దృష్టి మతపండితుని రచనలో ఆశ్చర్యం కలిగిస్తుంది. తరువాత విమర్శ తనవారి వైపు మళ్లుతుంది. వృద్ధుడై నిర్ణయశక్తి లేని చక్రవర్తి, యుద్ధమెరుగని రాకుమారులు, శత్రువుతో లోపాయికారీగా మెలగిన ఆంతరంగికులు, విలాసాలకు లోబడిన సైనికులు, ఎవరినీ ఆయన విడిచిపెట్టలేదు. తాను చెప్పిన సలహా ఎవరూ వినలేదన్న బాధ అందులో వినిపిస్తుంది. ఓటమికి శత్రువు బలంతోపాటు స్వపక్షపు దౌర్బల్యాన్ని కూడా లెక్కించిన ఈ నిజాయితీయే గ్రంథానికి ప్రాణం.

పరిమితులు లేకపోలేదు. మంచి ప్రభువు దొరికితే లోకం చక్కబడునన్న పాత విశ్వాసాన్ని ఆయన దాటలేదు. సామాన్య సిపాయి పట్ల సానుభూతి కంటె చులకన ఎక్కువ. ప్రజలే రాజ్యానికి మూలమన్న భావన కోసం ఆయన వద్దకు వెళ్లేవారు నిరాశ పొందుతారు.

శైలి విషయంలో మరొక చిక్కు. ఇది 'సజ' అనబడే ప్రాసగద్యం. వాక్యఖండాలు జంటలుగా నడచి, చివర ధ్వనిసామ్యంతో ముగుస్తవి. ద్వీపంలోని నీటిని, గాలిని, చర్మరోగాలను, స్నానమూ కఫనూ ప్రార్థనా లేక ఈడ్వబడే శవాలను వర్ణించేటప్పుడు కూడా ఆ నడక తప్పదు. దీనిని కృత్రిమమని త్రోసిపుచ్చరాదు. సర్వస్వం కోల్పోయిన పండితునికి మిగిలిన ఏకైక క్రమం భాషలోని క్రమమే. తెలుగులోకి తేదలచినవారు సాదా వచనంలో చెబితే విషయం మాత్రం దక్కుతుంది, మనిషి జారిపోతాడు. కృష్ణమాచార్యుల సింహగిరి వచనాలలోని లయగల గద్యం వంటిది మన భాషలో ఉండగా, దారి లేదనడానికి వీలులేదు.

ఆ శ్రమ తెలుగువారు పడవలసిన కారణం ఉన్నది. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీపై తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడి నడిపిన మౌల్వీ అలావుద్దీన్‌ను పంపినది ఈ ద్వీపానికే. ఆయనా తిరిగి రాలేదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాము మల్లుదొర అక్కడ శిక్ష అనుభవించి, తిరిగి వచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడైనారు. వారి అనుభవాన్ని వారి మాటలలో వినే భాగ్యం సాహిత్యానికి సరిగా దక్కలేదు. ఆ తొలి ఖైదీల గొంతులలో గ్రంథరూపంలో నిలిచినవి బహుస్వల్పం. వానిలో ఫజ్లె హక్ గొంతు ఒకటి. ఆయన పెట్టని సంతకాన్ని కొనియాడుట కంటె, ఆయన వ్రాసిన పుటను చదువుట ఆయనకు తగిన స్మారకం.