పాదుకు పనికిరానిదే చెత్త

80 కిలోల జీడిపిక్కల బస్తాలో చేతికొచ్చే పప్పు పాతిక కిలోలకు మించదు. అయినా శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో మిగతాదాన్ని చెత్త అనేవాళ్లుండరు. తొక్క పొయ్యిలోకి పోతుంది, లేదంటే నూనె తీసేవాళ్ల దగ్గరకు. ఆ నూనె రంగుల్లోకీ, బండ్ల బ్రేకు లైనింగుల్లోకీ చేరుతుంది.

సుమ్మాదేవి స్టేషను దాటి సముద్రం వైపు నడిస్తే ఉద్దానం పల్లెల ఇళ్లలోనూ ఇదే లెక్క. కొబ్బరి ఈనెలు చీపురవుతాయి, మట్ట దడికో పొయ్యికో వెళ్తుంది. పనస తొనలు తిన్నాక పిక్కలు కూరలోకి, తొక్క పశువులకు. చేపలు కడిగిన నీళ్లు చెట్టు పాదుకు. కాయ ఒలిచిన డొక్కల్ని పారేయొద్దని కొబ్బరి శాస్త్రవేత్తలూ చెబుతారు: చెట్ల వరుసల నడుమ కందకం తీసి, గుంట వైపు పైకి ఉండేలా పరచి మట్టి కప్పితే వాన నీటిని పట్టి ఉంచుతాయి, 5 నుంచి 7 ఏళ్లు పనిచేస్తాయి. తడి నిలవని ఇసుక నేలకు ఇంతకన్నా ఏం కావాలి!

ఇప్పుడు అవే పెరళ్లలో గత్తం కుప్ప కదిపితే పాల ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు బయటపడుతున్నాయి. అవి కలిశాక ఆ గత్తాన్ని పొలంలో చల్లలేరు. అందుకే వంటింట్లో రెండో బుట్ట పెట్టుకోవడం అన్ని అలవాట్లలోకీ ముఖ్యం. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. అంతకు చాలా ముందే పొరుగు జిల్లాలోని బొబ్బిలి మున్సిపాలిటీ తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి పేరు తెచ్చుకుంది.

పెరడు లేని అద్దె ఇంటికి చిల్లులు పెట్టిన పాత బకెట్టు చాలు. కూరగాయల తొక్కలు గుప్పెడు వేసినప్పుడల్లా దానిపైన రెండు గుప్పెళ్ల కొబ్బరి పొట్టు. పొట్టు తడిని పీల్చేస్తుంది కాబట్టి వాసన రాదు. రెండు మూడు నెలల్లో ఎరువు సిద్ధం. ఊరగాయ, నూనె కూర మిగుళ్లు మాత్రం వద్దు.

మిగిలిన పని కొట్టు దగ్గర. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, చెంచాలు నిషేధం. అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల లోపు సంచులూ అంతే. అయినా మన్యం నుంచి అడ్డాకుల విస్తళ్లు దొరికే ఈ జిల్లాలో విందులకు కాగితం ప్లేట్లే కొంటున్నారు. వాటిలో చాలావాటికి పైన ప్లాస్టిక్ పొర ఉంటుందన్నది చాలామందికి పట్టదు.

సాచెట్టు దగ్గరే ఏ ఇంటి పొదుపూ పనిచేయదు. పొరలు పొరలుగా అతికిన ఆ కవరును విడదీయడం కష్టం. ప్యాకింగు ప్లాస్టిక్‌కు తయారీదారుదే బాధ్యతంటూ 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. పెద్ద సీసా కొనగలిగినవాళ్లు సాచెట్ల దండ మానొచ్చు. ఏ రోజు కూలి ఆ రోజే ఖర్చయ్యే ఇంటిని ఆ మాట అడగకూడదు, అడగాల్సింది కంపెనీలనే.