చిప్ మీది అంకె, లోపలి సత్తా

1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్‌ను మార్కెట్లోకి వదిలింది. దాని మీద ముద్రించిన వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు ఇచ్చే బస్ వేగం 66, చిప్ లోపలి గుణకం నాలుగున్నర. రెండూ హెచ్చవేస్తే వచ్చేది ఆ 300. గుణకం కదలకుండా కంపెనీ బిగించేసింది. బస్ వేగం మాత్రం బోర్డు చేతిలో ఉండిపోయింది. దాన్ని 66 నుంచి 100కి మార్చినవాళ్లకు అదే చిప్ 450 దగ్గర పరుగెత్తింది. అప్పుడు ఇంటెల్ అమ్ముతున్న పెంటియం 2లలో ఖరీదైనదాని వేగం కూడా సరిగ్గా 450యే! ఇలా ముద్రించిన వేగాన్ని దాటించే ఓవర్‌క్లాకింగ్ అనే విద్య కుర్రాళ్ల గదుల్లోకి చేరింది ఎక్కువగా ఈ చిప్ పుణ్యానే.

అయితే అందరికీ ఆ 450 దక్కలేదు. బస్ 100కి వెళ్తే దాని వెంటే ర్యామ్ కూడా 100 దగ్గర నడవాలి. పాత పీసీ66 స్టిక్కులు పెట్టుకున్నవాళ్ల యంత్రాలు చాలావరకు మొరాయించాయి. పీసీ100 రకం కొన్నవాళ్లు నెగ్గారు. ప్రాసెసర్ వేగం పెంచడం, దానికి తగ్గ ర్యామ్ ఎంచుకోవడం ఒకే పని అని ఆనాడే తేలిపోయింది.

అసలు కంపెనీ రాసినదానికంటే చిప్ ఎక్కువ ఎందుకు ఇస్తుంది? ఒకే సిలికాన్ పలక మీద పుట్టిన చిప్పులన్నీ ఒకే సత్తాతో పుట్టవు. మామిడికాయలను ఏరి గ్రేడులు కట్టినట్టు వాటినీ పరీక్షించి ఏరతారు. వేడి వాతావరణంలో, ఏళ్ల తరబడి, ఆ గ్రేడులోని బలహీనమైన చిప్ కూడా మోయగల అంకెనే అందరి మీదా ముద్రిస్తారు. చవక సరుకుకు గిరాకీ పెరిగినప్పుడు మంచి చిప్ కూడా తక్కువ అంకెతో బయటికొస్తుంది. ఆ మిగులే ఓవర్‌క్లాకర్ వెతికేది. కంపెనీలు తాళాలు వేస్తే వీళ్లు తీశారు: ఏఎండీ తొలి సాకెట్ ఎ చిప్పుల పైభాగాన తెగి ఉన్న చిన్న వంతెనలను మామూలు పెన్సిల్ గీతతో కలిపేసి గుణకాన్ని విడిపించుకున్నారు. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కదా!

ఇప్పుడు ఆ మిగులు బాగా తగ్గింది. చల్లగా ఉన్నంతసేపూ చిప్పే తనంతట తాను వేగం పెంచుకుంటోంది. 1998లో లాభం యాభై శాతం. ఇవాళ ఎక్కువ సందర్భాల్లో పది శాతం లోపే. పైగా అన్ని చిప్పులూ లొంగవు. ఇంటెల్‌లో పేరు చివర కె ఉన్న చిప్, దానికి జెడ్ తరగతి బోర్డు కావాలి. ఏఎండీ రైజెన్‌లలో చాలావరకు తెరిచే ఉంటాయి గానీ ఎ520 లాంటి చౌక బోర్డులు ఒప్పుకోవు.

ప్రమాదమంతా వోల్టేజీలో ఉంది. చిప్ తినే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. వేగం పది శాతం, వోల్టేజీ పది శాతం పెంచితే వాడకం ఇరవై కాదు, దాదాపు 33 శాతం ఎక్కువవుతుంది. అదంతా వేడే. ఎంత గొప్ప గాలి కూలరైనా చిప్‌ను గది ఉష్ణోగ్రత కిందికి దించలేదు. జనవరి రాత్రి గదిలో 22 డిగ్రీలున్నప్పుడు 80 దగ్గర నిలిచిన చిప్, మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గది 38కి చేరితే 96 వైపు పోతుంది. రైజెన్ 7000 చిప్పుల్లో చాలావాటికి హద్దు 95, ఇటీవలి ఇంటెల్ కె చిప్పులకు 100 దరిదాపు. హద్దు తగిలితే చిప్ వేగం తగ్గించుకుంటుంది. అంటే పడ్డ శ్రమంతా వృథా. మన దగ్గర చలికాలంలో చేసిన పరీక్ష సగం పరీక్షే.

పద్ధతి తెలిసినవాళ్లు మొదట ఏమీ మార్చరు. బయోస్ కొత్తది వేసి, ఉన్న వేగం దగ్గరే ఉష్ణోగ్రతలు రాసుకుంటారు. తర్వాత గుణకం ఒక్క మెట్టు, అంటే 100 మెగాహెర్ట్జ్. సినీబెంచ్ అనే పరీక్ష కాసేపు నడిపి, నిలిస్తే ఇంకో మెట్టు. హ్యాంగ్ అయితే ఒక మెట్టు దిగడమే నాకు నచ్చిన దారి. వోల్టేజీ పెంచడం సోమరి దారి. చివరికి ప్రైమ్95 అనే భారీ పరీక్ష గంటల తరబడి నడపాలి. ఒకేసారి రెండు మార్చితే తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వోల్టేజీని ఆటోకి వదిలేస్తే కొన్ని బోర్డులు అవసరానికి మించి పోస్తాయి, కాబట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె మీద కన్నుండాలి. యంత్రం అసలు లేవకపోతే బయోస్ అమరికలు దాచే సీమాస్‌ను క్లియర్ చేస్తే ఫ్యాక్టరీ అమరిక తిరిగొస్తుంది. ఇక నాసిరకం ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఉన్నవాళ్లు ఈ జోలికే రావద్దు. రైజెన్ 5000 నుంచి వచ్చిన కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజీ తగ్గించి వేగం రాబట్టవచ్చు. మన ఎండలకు అదే తగిన విద్య.

ఇక ర్యామ్ ఎంపిక. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ర్యామ్ అడిగితే ‘డీడీఆర్ ఎంత?’ అనే ప్రశ్నతో మొదలవుతుంది బేరం. సరైన మొదలే. డీడీఆర్4, డీడీఆర్5 రెండిటికీ 288 పిన్నులే అయినా గాడి చోటు వేరు, ఒకటి రెండోదానిలో కూర్చోదు. ఇంటెల్ 12, 13, 14 తరాలకు రెండు రకాల బోర్డులూ ఉన్నాయి. బోర్డు పేరు చివరిదాకా చదవకపోతే తిప్పలే.

ఆ తర్వాత అట్టపెట్టె మీది పెద్ద అంకె, అంటే వేగం. ర్యామ్ జవాబిచ్చే ఆలస్యం తెలియాలంటే దాని పక్కనే ఉండే సీఎల్ అంకెను 2000తో హెచ్చవేసి వేగంతో భాగించాలి. 3200 సీఎల్16, 3600 సీఎల్18, 6000 సీఎల్30, మూడింటికీ వచ్చేది 10 నానోసెకన్లే. పెద్ద అంకెతో ఒక్కసారిగా పారే డేటా పెరుగుతుంది, మొదటి బైటు మాత్రం ముందుగా రాదు. రైజెన్ 5000కి 3600 నప్పుతుంది, ఎందుకంటే అందులో సగమైన ర్యామ్ గడియారం 1800, చిప్ లోపలి భాగాలను కలిపే ఫాబ్రిక్ 1800 జతగా నడుస్తాయి. ఇంకా వేగమైనది కొని ఆ జత విడిపోతే ఎక్కువ డబ్బుకు ఎక్కువ ఆలస్యం కొన్నట్టే.

కొన్న స్టిక్కు పెట్టగానే రాసిన వేగంతో నడవదు. జెడెక్ అనే పరిశ్రమ ప్రమాణం ప్రకారం తక్కువతో మొదలవుతుంది. బయోస్‌లో ఇంటెల్ వారి ఎక్స్‌ఎంపీనో, ఏఎండీ వారి ఎక్స్‌పోనో తెరవాలి. అదీ ఓవర్‌క్లాకింగేనని, వారంటీ దాన్ని కాయదని గుర్తుంచుకోవాలి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కాలిపోయాక, ర్యామ్ వేగం కోసం పెరిగే ఎస్ఓసీ వోల్టేజీకి 1.3 వోల్టుల దగ్గర ఏఎండీ కట్టడి వేసింది. పాత బయోస్‌తో ఎక్స్‌పో తెరవడం అందుకే తెలివితక్కువ పని. స్టిక్కులు రెండూ ఒకే కిట్‌గా కొనాలి. అదే కంపెనీ, అదే మోడల్ అయినా వేర్వేరుగా కొంటే లోపలి చిప్పులు వేరు కావచ్చు. నాలుగు స్లాట్లున్న ఎక్కువ బోర్డుల్లో ఆ రెండు స్టిక్కుల చోటు ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో, నాలుగో స్లాట్లు. డీడీఆర్5లో నాలుగూ నింపితే వేగం పడిపోతుంది.

ప్రాసెసర్ తప్పితే యంత్రం ఎక్కువగా ఆగి చెబుతుంది. ర్యామ్ తప్పితే చెప్పకపోవచ్చు: ఒక బిట్ తారుమారై అలాగే ఫైల్లోకి ఎక్కుతుంది, నెలల తర్వాత ఫొటో తెరుచుకోనప్పుడు బయటపడుతుంది. అందుకే పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపి, ఒక్క తప్పు కనిపించినా వేగం తగ్గించాలి. ఆటలకు, వీడియోలకు సరే. ట్యాలీ లెక్కలున్న దుకాణం కంప్యూటర్‌లో మాత్రం ర్యామ్‌ను జెడెక్ వేగం దగ్గరే వదిలేయమంటాను.