జ్వరానికి ముందటి పదహారేళ్లు

సముద్రం పక్క ఊళ్లో పిల్లవాడు పోయాడనగానే అందరూ సముద్రాన్నే అనుమానిస్తారు. ఈ స్మృతి సంచిక అచ్చుకు వెళ్తోందని చెబితే నెల్లూరులో నా పాత మిత్రులు మొదట అడిగింది, "మైపాడులో మునిగాడా?" అనే. కాదు. పట్టపుపాలెంలో పుట్టి, నడక రాకముందే అలల్లో ఆడిన బిడ్డను సముద్రం ఏమీ చెయ్యలేదు. ఈశాన్య రుతుపవనాల వానలు పట్టిన రోజుల్లో, ఏ నీళ్ల డ్రమ్ములోనో కొబ్బరి చిప్పలోనో పుట్టిన దోమ చేసింది. డెంగీ. వాడికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం.

వాడి పేరు సంచికలో పేజీకొకసారి వస్తుంది. నేను మాత్రం అబ్బయ్య అనే రాస్తాను. తరగతిలో అలాగే పిలిచాను, ఇప్పుడు మర్యాదగా పూర్తి పేరు రాయాలంటే చెయ్యి రావడం లేదు.

స్మృతి సంచికల మీద నాకు మొదటి నుంచీ సదభిప్రాయం లేదు. దండ వేసిన ఫొటో, కింద జనన మరణ తేదీలు, లోపల అందరూ కలిసి మోసిన విశేషణాల మూట. పోయినవాడు బహుముఖ ప్రజ్ఞాశాలి, స్నేహశీలి, అజాతశత్రువు. డెబ్బయ్యేళ్ల పెద్దమనిషికి వేసినా ఎబ్బెట్టుగానే ఉండే ఈ బిరుదులు పదహారేళ్లవాడికి వేస్తే, ఆ పిల్లవాడెవరో మనకు ఎప్పటికీ తెలియదు. మా అబ్బయ్యకు డ్రిల్లు మాస్టారితో పడేది కాదు. లెక్కలంటే పడేది కాదు. పక్క వీధి కుర్రాళ్లతో క్రికెట్టు బంతి దగ్గర ఆరు నెలలు మాటల్లేవు. ఇవన్నీ ఇందులో ఉన్నాయి కనకనే ఈ పీఠిక రాయడానికి ఒప్పుకున్నాను.

వాడి స్నేహితుడొకడు రాసిన వ్యాసం మొత్తం ఒక సైకిలు గురించే. అడక్కుండా తీసుకుపోయి, పంక్చరు చేసుకొచ్చి, చప్పుడు కాకుండా గోడకు ఆనించి పోయాడట. మర్నాడు అడిగితే, "నీ సైకిలుకు నేనంటే పడదురా" అన్నాడట. రాసిన కుర్రాడు ఇంకా కోపంగానే ఉన్నాడు. ఆ కోపాన్ని దిద్దమని సంపాదక వర్గంలో ఎవరో అన్నారని తెలిసింది. దిద్దనందుకు వాళ్లకు నా అభినందనలు. ఆన్ ఫ్రాంక్ డైరీని తండ్రి 1947లో అచ్చు వేయించినప్పుడు, తల్లి మీద ఆ పిల్ల కోపంగా రాసుకున్న మాటలు కొన్ని తీసేశాడు. కన్నతండ్రి బాధ అది, తప్పు పట్టలేం. తర్వాతి సంపూర్ణ ప్రతుల్లో ఆ మాటలు తిరిగి చేరాయి. పదిహేనేళ్లకే నాజీ శిబిరంలో చనిపోయిన ఆ పిల్ల తల్లితో పోట్లాడే మామూలు ఆడపిల్ల కూడా అని అప్పుడు లోకానికి ఇంకాస్త బాగా తెలిసింది.

ఈ సంచికలో నాకు అన్నిటికంటే నచ్చింది వాడి పొడుగు నోటుపుస్తకం. తండ్రి రొయ్యల గుంటల దగ్గర కాపలా. సెలవుల్లో వీడూ రాత్రిళ్లు అక్కడే. ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, మేత ఎన్ని బస్తాలు పోయింది, ఆ రోజు ఏ కౌంటుకు ఏ ధర పలికింది, అన్నీ రాసేవాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. కిక్కిరిసిన తరగతి గదిలో ఒకసారి లేచి, "మాది వంద కౌంటు సెక్షన్ అయ్యవారా, ధర పలకదు" అన్నాడు. నేను కోప్పడబోయి నవ్వేశాను. లెక్కల్లో తప్పే వాడు ఈ పుస్తకంలో ఒక్క కూడికా తప్పలేదు. అంచుల్లో క్రికెట్టు స్కోర్లు, ఒక ఆడపిల్ల పేరు రాసి కొట్టేసిన గుర్తు. ఆ పేజీని అచ్చులో వదిలేశారు. అది మాత్రం సరైన పనే.

నేను తెలుగు పంతుల్ని కాబట్టి భారతం ప్రస్తావన రాకుండా పీఠిక ముగియదు, పాఠకులు క్షమించాలి. పదహారేళ్ల కొడుకు పోవడమంటే మన వాళ్లకు అభిమన్యుడే గుర్తొస్తాడు. ఆ కథ ఉన్న ద్రోణపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరివాడు, పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. ఆ ఘట్టంలో పద్మవ్యూహం అందరికీ తెలుసు, హరికథల్లో, తోలుబొమ్మలాటల్లో దాన్నే చూశాం. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి సంగతి. సంశప్తకులతో పోరు ముగించుకుని అర్జునుడు శిబిరానికి వస్తాడు. కొడుకు చనిపోయాడని ఎవరూ చెప్పకముందే అతనికి అనుమానం తగులుతుంది. ఎందుకంటే రోజూ నవ్వుతూ ఎదురొచ్చే పిల్లవాడు ఆ రోజు ఎదురు రాలేదు. అంతటి విలుకాడికి కొడుకు చావును ముందుగా చెప్పింది ఒక అలవాటు తప్పడం. అదే యుద్ధంలో ధర్మరాజును ఓదార్చడానికి వ్యాసుడు వచ్చి, ఎంతెంతటి రాజులైనా పోయినవాళ్లేనని పదహారుగురి కథలు చెబుతాడు. పరామర్శకు వచ్చేవాళ్లలో వ్యాసుళ్లు ఎప్పుడూ ఎక్కువే. ఈ సంచికలోని పిల్లలు ఆ పనికి పోలేదు. ఎదురొచ్చే అలవాటు గురించి రాశారు.

తెలుగువాళ్లకు ఇంకో అభిమన్యుడు కూడా ఉన్నాడు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో వాడు పడవెక్కి, శశిరేఖతో ప్రేమలో పడి, పెళ్లితో కథ ముగించుకుంటాడు. కథ యుద్ధం దాకా పోదు. అతని గతి ఏమవుతుందో హాల్లో ప్రతివాడికీ తెలుసు, అయినా ఆ మూడు గంటలూ ఎవరూ దాన్ని తలుచుకోరు. కె.వి. రెడ్డిగారు చేసిన ఆ మేలు చిన్నదేం కాదు.

ఇక చెప్పక తప్పనిది ఒకటుంది. వాళ్లమ్మ వ్యాసంలో చివరి మాట, నాతోనూ చాలాసార్లు అన్నది: "జొరం దిగింది గదా అని నేనే కాలేజీకి పంపిస్తిని." వ్యూహంలోకి నేనే పంపానని ధర్మరాజూ ఇలాగే కుమిలాడు. లోపలికి వెళ్లడమే తెలుసని చెప్పిన పిల్లవాణ్ణి, వెనకే వస్తామన్న ధైర్యంతో పంపాడు ఆయన. సైంధవుడు దారికి అడ్డం నిలుస్తాడని ఎవరికి తెలుసు? ఈ తల్లికీ తెలియదు. డెంగీలో జ్వరం దిగడమే కొన్నిసార్లు గండానికి మొదలు. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, ఒళ్లు చల్లబడే సమయంలోనే, రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారి రక్తపోటు పడిపోవచ్చు. మనవాళ్ల చూపంతా ప్లేట్‌లెట్ల అంకె మీద, బొప్పాయి ఆకు రసం మీద. అసలు కనిపెట్టాల్సింది తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, విపరీతమైన నీరసం. వీటిలో ఏది కనిపించినా, జ్వరం ఉన్నా లేకపోయినా, వెంటనే ఆస్పత్రికి పోవాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటివి ఇవ్వకూడదు.

అమ్మా, నువ్వు పంపింది తగ్గిందనుకున్న బిడ్డను. ఇంతకంటే నీకు చెప్పగల మాట నా దగ్గర లేదు.

ఈ హెచ్చరికలను సంచిక చివర పెద్ద అక్షరాల్లో విడి పేజీగా వేస్తున్నారు. తీర గ్రామాల బళ్లన్నిటికీ ప్రతులు ఉచితంగా పంపుతారట. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసే హెడ్మాస్టర్లకు నా మనవి: ఆ ఒక్క పేజీని చించి వరండా గోడకు అంటించండి. పుస్తకం చింపితే ఏమీ అనుకోమని సంపాదకులు నాకు మాట ఇచ్చారు.