కాంతితో ఉబ్బే గ్రాఫైట్

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం తీరంలో ఇసుక మీద అక్కడక్కడ ఎర్రటి చారలు, నల్లటి చారలు కనిపిస్తాయి. ఎరుపు గార్నెట్‌ది, నలుపు ఇల్మనైట్‌ది. తెల్లగా ఉండే సిల్లిమనైట్ కూడా అందులో కలిసే ఉంటుంది. గార్నెట్, సిల్లిమనైట్ రెండింటికీ పుట్టిల్లు తూర్పు కనుమల్లోని ఖోండలైట్ శిల. అక్కడ అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో పడితే, అలలు మళ్లీ తెచ్చి ఒడ్డున పేర్చాయి. ఆ శిలకు 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త మన కొండల్లోని ఖోండుల పేరే పెట్టాడు. కోణార్క ఆలయం కట్టింది ఎక్కువగా ఈ రాయితోనే.

ఆ శిలలో గ్రాఫైట్ కూడా ఉంటుంది, కానీ అది ఇసుకతో పాటు ఒడ్డుకు చేరలేదు. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. బరువూ తక్కువే, నీటికి రెండింతల పైచిలుకు. గార్నెట్ దాదాపు నాలుగింతలు. ఏటి రాపిడికి నలిగి నీటితో పోయే సరుకు అది. కావాలంటే కొండకే వెళ్లాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లోనూ, అవతల ఒడిశాలో రాయగడ, బలంగీర్ వైపూ దాని జాడలున్నాయి. 2023 జూన్‌లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో గ్రాఫైట్ ఉంది. అదే ఏడాది డిసెంబరు నుంచి చైనా తన గ్రాఫైట్ ఎగుమతుల మీద కట్టడి పెట్టింది.

గ్రాఫైట్‌తో పెన్సిలు, మూస, బ్యాటరీ చేస్తారని అందరికీ తెలుసు. ఉబ్బిన గ్రాఫైట్ సంగతి ఫిట్టర్లకే ఎక్కువ తెలుసు. జూట్ మిల్లుల్లో, చక్కెర ఫ్యాక్టరీల్లో ఆవిరి వాల్వు దగ్గర బుసబుసమని కారుతుంటే గ్లాండు విప్పి ప్యాకింగు మారుస్తారు. ఒకప్పుడు అక్కడ ఆస్బెస్టాస్ తాడు చుట్టేవారు. అది ఊపిరితిత్తులకు చేటని తేలాక ఆ చోటును చాలావరకు ఉబ్బిన గ్రాఫైట్‌తో చేసిన పట్టీలు, రింగులు ఆక్రమించాయి. జిగురేమీ కలపకుండా ఒత్తితేనే ఇది రేకులా అతుక్కుంటుంది. ఆ పద్ధతికి 1968లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది యూనియన్ కార్బైడ్. అవును, భోపాల్ యూనియన్ కార్బైడే.

తయారీ చెప్పుకోవడానికి తేలిక. గ్రాఫైట్ పొలుసును గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, ఏదో ఒక ఆక్సీకరణ ద్రవ్యంతో కలిపి నానబెడతారు. ఆమ్లం పొరల సందుల్లోకి దూరుతుంది. కడిగి, ఆరబెట్టి, 900 నుంచి 1000 డిగ్రీల కొలిమిలో కొన్ని సెకన్లు ఉంచితే, లోపలి ఆమ్లం ఒక్కసారిగా ఆవిరై పొరలను నెట్టేస్తుంది. వేడి ఇసుకలో ధాన్యం పేలాలైనట్టు, పొలుసు వందల రెట్లు ఉబ్బి మెలికలు తిరిగిన పోగవుతుంది. అప్పుడు లీటరు డబ్బాలో పట్టేది అయిదారు గ్రాములే.

ఖర్చు దగ్గరే చిక్కు. కిలో గ్రాఫైట్‌ను గది వేడి నుంచి 900 డిగ్రీల పైకి తీసుకెళ్లడానికి లెక్క ప్రకారం కావలసింది యూనిట్ కరెంటులో మూడో వంతుకు కాస్త ఎక్కువ; ఆమ్లం ఆవిరయ్యే వేడి దానికి అదనం. కానీ కొలిమి తన గోడలను కాచుకోవాలి, లోపలి గాలిని కాచాలి, సరుకు లేని గంటల్లోనూ మండుతూ ఉండాలి. పొలుసుకు పని కొన్ని సెకన్లే, కొలిమికి రోజంతా.

కాంతి ఆలోచన ఇక్కడే వస్తుంది. గ్రాఫైట్ నల్లన, పడిన వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది. గోడతో పని లేకుండా వేడి నేరుగా పొలుసులోనే పుడుతుంది. 2009లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో లారా కోట్, జియాషింగ్ హువాంగ్ బృందం గ్రాఫైట్ ఆక్సైడ్ (పొరల్లో ఆక్సిజన్ చేరిన గ్రాఫైట్) మీద మామూలు కెమెరా ఫ్లాష్ వెలిగించింది. అది పెద్దగా ఉబ్బి, ఆక్సిజన్‌ను వదిలేసి మళ్లీ కరెంటు పారే పదార్థమైంది. 2011లో మన పొరుగున మద్రాసు ఐఐటీలో వర్ల ఈశ్వరయ్య, జ్యోతిర్మయి అరవింద్, రామప్రభు ఫ్లాష్ కూడా అక్కర్లేదన్నారు. భూతద్దంతో ఎండను గ్రాఫైట్ ఆక్సైడ్ మీద కూడగట్టి, సెకన్లలో దాని పొరలు విడదీసి గ్రాఫీన్ చేశారు. పది సెంటీమీటర్ల అద్దం మీద మిట్టమధ్యాహ్నం పడే ఎండ ఏడెనిమిది వాట్లకు మించదు. చిన్న బల్బుపాటి శక్తి!

అయితే గ్రాఫైట్ ఆక్సైడ్ వేరు, ఆమ్లం నానిన పొలుసు వేరు. మొదటిది 200 డిగ్రీల దరిదాపుల్లోనే విచ్చుకుంటుంది. రెండోది పూర్తిగా ఉబ్బాలంటే అంతకు నాలుగైదు రెట్లు కాచాలి. పైగా నలుపు వెలుగును పైపొరలోనే ఆపేస్తుంది, కింది పొలుసు చీకట్లో ఉండిపోతుంది. కాబట్టి పొడిని పలచగా పరచాలి, లేదా కాంతి ధారలోంచి జారవిడవాలి. ఉబ్బాక అది దూదికన్నా తేలిక. శ్రీకూర్మం గాలికి బయట పెడితే సాయంత్రానికి సగం సముద్రంలోనే వెతుక్కోవాలి. గాజు గొట్టం తప్పదు.

ఒక చదరపు మీటరు అద్దపు పళ్లెం పెట్టారనుకుందాం. మంచి ఎండలో గంటకు 800 వాట్ గంటలు దొరకవచ్చు. అందులో సగం పొలుసుకు చేరినా, ఆమ్లం వాటా తీసేస్తే, గంటకు కిలో లోపే. చిన్న యూనిట్‌కు అది తక్కువేమీ కాదు. జులై, ఆగస్టు ముసుర్లో మాత్రం పళ్లెం పడుకుంటుంది. అప్పుడు ఎండకు బదులు జినాన్ దీపం పెట్టాలంటే మళ్లీ కరెంటే.

ఇంత చెప్పుకున్నాక ఒక ఇబ్బందికర ప్రశ్న. కాంతి ఆదా చేసేది చివరి కొన్ని సెకన్లలోనే. ముందు గంటలకొద్దీ నడిచే ఆమ్లం పని సంగతి? కడిగిన నీళ్లు పుల్లటి నీళ్లు. సున్నం వేసి విరిచినా సల్ఫేటు మిగులుతుంది. ఉబ్బే వేళ గంధకం పొగ, అది ఎండలో వచ్చినా కొలిమిలో వచ్చినా పొగే. ఎండతో చేశాం కాబట్టి పచ్చటి సరుకు అని బోర్డు కట్టడం తొందరపాటు. కడిగిన నీళ్లు చెరువులోకి వదిలే యూనిట్ సౌరశక్తితో నడిచినా, బొగ్గుతో నడిచినా ఆ ఊరికి తేడా ఏముంది?

మరోవైపు ఈ సరుకు మేలు కొట్టిపారేసేది కాదు. ఒక గ్రాము ఉబ్బిన గ్రాఫైట్ 80 గ్రాముల దాకా చిక్కటి నూనెను పీల్చుకుంటుందని జపాన్ పరిశోధకులు చూపించారు. 2017 జనవరిలో చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికినప్పుడు, తీరంలో మనుషులు బకెట్లతో తోడారు. వందల కిలోమీటర్ల తీరం ఉన్న మనకు అది పరాయి ముచ్చట కాదు.

శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్లలోనూ విజయనగరంలోనూ యూనివర్సిటీలున్నాయి. భూతద్దం ఖరీదు కాదు, ఎండ ఉచితం, పొలుసు కొండల్లో ఉంది. అక్కడి పిల్లలు ఈ ప్రాజెక్టు ఎత్తుకుంటే ఒక్క మాట: ఎన్ని రెట్లు ఉబ్బిందో రాసి ఊరుకోకండి. కిలోకు ఎన్ని యూనిట్లు మిగిలాయి, ఎన్ని లీటర్ల నీళ్లు పట్టాయి, ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోయాయి, అవీ అదే పట్టికలో రాయండి.