పీసా సన్యాసి దాచుకోని విద్య

సూదిలో దారం ఎక్కించబోతూ చెయ్యి దూరంగా చాపుతున్నామంటే చత్వారం వచ్చినట్టే. కంటిలోని కటకం వయసుతో బిరుసెక్కి, దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. నేను కళ్ళజోడు పెట్టుకోవడం మొదలుపెట్టాక, దీన్ని మొదట చేసిన మనిషి ఎవరా అని వెతికాను. ఆ పేరు చరిత్రకెక్కలేదు. దొరికింది మరొకరి పేరు.

1306లో ఫ్లారెన్స్‌లో జోర్దానో అనే క్రైస్తవ సన్యాసి, కళ్ళజోడు తయారీ పుట్టి ఇంకా ఇరవై ఏళ్ళు కాలేదనీ, దాన్ని కనిపెట్టినవాడితో తాను మాట్లాడాననీ ప్రసంగంలో చెప్పాడు. పేరు చెప్పలేదు. పీసాలో ఆయన సోదర సన్యాసి అలెసాండ్రో దెల్లా స్పీనా. 1313లో చనిపోయాడు. ఎవరో కళ్ళజోడు చేసి గుట్టు విప్పనంటే, స్పీనా సొంతంగా చేసి, ఆ విద్యను సంతోషంగా అందరికీ పంచాడని అక్కడి మఠం రాసిపెట్టింది.

నా దృష్టిలో కనిపెట్టినవాడికంటే స్పీనాయే పెద్దవాడు. అంతకుముందు ప్రతులు రాసే లేఖకుడైనా, నగిషీ చెక్కే కంసాలి అయినా, పనిలో చెయ్యి బాగా తిరిగిన వయసులోనే చూపు ఆనక వెనకబడేవాడు. మధ్యలో ఉబ్బెత్తుగా, అంచుల్లో పలచగా అరగదీసిన రెండు అద్దాలు ఆ పనివాడికి మరిన్ని ఏళ్ళ పనినిచ్చాయి.

ఆ అద్దంతో అక్షరం ఎందుకు తేటపడుతుందో 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ వివరించాడు. అప్పటికి మూడు వందల ఏళ్ళుగా పనివాళ్ళు చేతి నైపుణ్యంతోనే వాటిని చేస్తున్నారు! దూరం ఆనని వాళ్ళకు మైనస్ అద్దాలు 15వ శతాబ్దంలో వచ్చాయి. చెవులకు తగిలించుకునే కాడలకైతే 18వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.

పనివాడికి ఆ అద్దాలు చేసే మేలు ఇప్పుడు లెక్కల్లోనూ కనిపిస్తోంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు కళ్ళజోళ్ళు ఇచ్చి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. అవి అందని వాళ్ళతో పోలిస్తే వీళ్ళు కోసిన ఆకు సుమారు 22 శాతం అదనంగా పెరిగింది. అదే ఏడాది తెలంగాణలో మొదలైన కంటి వెలుగు నేత్ర పరీక్షా శిబిరాల్లో చత్వారపు కళ్ళజోళ్ళను అక్కడికక్కడే ఉచితంగా ఇచ్చారు. పరీక్ష చేసిన చోటే చేతికివ్వడం నాకు బాగా నచ్చింది. అద్దాల కోసం కూలి పోగొట్టుకుని పట్నం దాకా వెళ్ళలేనివాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు.