నీళ్ళలో బర్రె బేరం

బర్రెను నీళ్ళలో ఉంచి బేరమాడటం అనే మాట మన ఇళ్ళల్లో ఏదో ఒక సందర్భంలో వినిపిస్తూనే ఉంటుంది. పొదుగు ఎంతుందో తెలీదు, కాలు కుంటో కాదో తెలీదు, ఆ మాటకొస్తే అది బర్రో దున్నపోతో కూడా తెలీదు. పైకి కనిపించేవి రెండు కొమ్ములే. ఆ కొమ్ములు చూసి డబ్బు లెక్కపెట్టి ఇచ్చే పెద్దమనిషి ఎవరైనా ఉంటే మా పెద్దతిప్పసముద్రంలో ఆరు నెలలపాటు చెప్పుకుని నవ్వుకుంటారు. అదే బేరాన్ని అమెరికాలో కంప్యూటర్లో పెట్టి, దానికో ముచ్చటైన పేరు తగిలిస్తే, ఇంజనీరింగులు చదివిన మన పిల్లలే పోటీలు పడి ఆడారు, ఇంకా ఆడుతున్నారు. పైగా గెలిచామని ఇంటికి ఫోన్లు చేసి చెబుతారు!

నేను చెప్పేది హోటల్ గదుల సంగతి. దీని పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పుకోవాలి. జే వాకర్ అనే ఆయన మొదలుపెట్టిన ప్రైస్‌లైన్ అనే కంపెనీ 1998లో దుకాణం తెరిచింది. 'మీ ధర మీరే చెప్పండి' అన్నది దాని పిలుపు. మొదట విమానం టిక్కెట్లు, ఆ వెనకే హోటల్ గదులు. ఆ ఏడాదే ఈ పద్ధతికి అమెరికా ప్రభుత్వం పేటెంటు కూడా ఇచ్చింది. బేరమాడటానికి పేటెంటేమిటండీ అని బుగ్గలు నొక్కుకోకండి. మన సంతలో కొత్తిమీర కట్ట దగ్గర చూపించే ప్రతిభకు ఎవరూ ఇవ్వలేదు గానీ, అక్కడ ఇచ్చారు.

ఆట ఎలా సాగేదంటే, మీరు వెళ్ళే ఊళ్ళో ఏ పేటలో ఉంటారో చెప్పాలి. ఎన్ని నక్షత్రాల హోటలు కావాలో చెప్పాలి. ఎంత ఇస్తారో చెప్పాలి. వీటితో బాటు క్రెడిట్ కార్డు నంబరు ముందే ఇచ్చేయాలి. మీ ధరకు ఏదో ఒక హోటలు ఒప్పుకుందనుకోండి, ఆ క్షణంలోనే డబ్బు పోతుంది. డబ్బు పోయాక గానీ హోటలు పేరేమిటో చెప్పరు. పేరు నచ్చకపోతే? అదంతే. ప్రయాణం మానుకుంటే? అదీ అంతే. రద్దు లేదు, మార్పు లేదు, వాపసు లేదు. ఒకవేళ మీ ధరకు ఎవరూ ఒప్పుకోలేదా, ఒకరోజు ఆగి మళ్ళీ పాడాలి, లేదా పేటనో నక్షత్రాలనో మార్చి పాడాలి. ఇందులో కిటుకులు కనిపెట్టిన గడుసువాళ్ళు లేకపోలేదు. నాలుగు నక్షత్రాల హోటలు ఒక్కటి కూడా లేని పేటను కావాలనే జాబితాలో కలిపి, ఆ వంకతో రెండోసారి పాడుకునేవారట. పేకాటలో ముక్క దాచినట్టన్నమాట.

విమానాలకు ఈ పాట 2016లో ఆగిపోయింది. తర్వాత హోటళ్ళకూ మానేశారు. అయితే పాట పోయినా ముసుగు పోలేదు. ఇప్పుడు ధర వాళ్ళే చెబుతారు. పేరు మాత్రం దాస్తారు. 2000లో వచ్చిన హాట్‌వైర్ అనే మరో కంపెనీ మొదటినుంచీ చేసిన పని అదే. 'ఫలానా పేటలో నాలుగు నక్షత్రాల హోటలు, సగం ధర' అని ఉంటుంది. ఏ హోటలో డబ్బు కట్టాకే తెలుస్తుంది.

నాకు ముందుగా ఆ మాట మీదే అభ్యంతరం. మీ ధర మీరే చెప్పండిట! చదివితే ఎంత మర్యాదగా ఉంది, మనల్ని సింహాసనం మీద కూర్చోబెట్టినట్టు లేదూ? కానీ కాస్త ఆగి చూడండి. అందులో 'చెప్పండి' అన్న మాట ఉందే గానీ 'అడగండి' అన్నది లేదు. బేరమంటే మాటకు మాట. మనం ఇరవై అంటాం, గంపావిడ నలభై అంటుంది, మనం రెండడుగులు వేసి వెళ్ళిపోతున్నట్టు నటిస్తాం, ఆవిడ 'ఇట్రా తల్లీ' అంటుంది. ఆ నాలుగు మాటల్లో ఆవిడ వంకాయలు ఈవేళవో నిన్నటివో, ఆవిడకు తొందరుందో లేదో, అన్నీ మనకు తెలిసిపోతాయి. ఇక్కడ అవతలివాడు నోరు విప్పడు. వాడు ఎంతకు దిగుతాడో మనకు తెలీదు, మన జేబు లోతు మాత్రం మనమే వాడికి చెప్పుకుంటాం. అరవైకి దొరికే గదికి ఎనభై అన్నామనుకోండి, 'వద్దమ్మా, అరవై చాలు' అనే ధర్మాత్ముడెవడు?

మా వైపు పశువుల సంతల్లో ఒక పద్ధతి ఉండేది. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దానికింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్ళు. పక్కన నిలబడ్డవాడికి ఎంత నొక్కినా అంకె చెప్పరు. రహస్యమంటే అదీ. కానీ ఆవు మాత్రం ఎదురుగా ఎండలో నిలబడి ఉంటుంది. పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. పుంగనూరు ఆవైతే మరీనూ, అది ఎంత పొట్టిగా ఉంటే అంత మురిపెం గనక ఎత్తు కూడా కొలుచుకుంటారు. అంటే మనవాళ్ళు ధరకు ముసుగు వేశారు, సరుకుకు వెయ్యలేదు. ఈ హోటళ్ళవాళ్ళు ధరను వీధిలో పెట్టి ఆవుకు తువ్వాలు కప్పారు. మదనపల్లె టమాటా మండీలో కూడా అంతే. పెట్టెలు పేర్చి ఉంటాయి, కాయ చేతిలోకి తీసుకుని చూశాకే పాట. 2023 జులైలో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడూ చూసే పాడారు, అడిగే దిక్కులేని రోజుల్లోనూ చూసే పాడతారు.

హోటలువాళ్ళ కష్టం నాకు తెలీక కాదు. నిజానికి టమాటా రైతుకున్న కష్టమే వాళ్ళదీ. ఈ రాత్రికి ఎవరూ దిగని గది రేపటికి నిలవ ఉండదు. టమాటా అయినా మెత్తబడితే పచ్చడికి పనికొస్తుంది. ఖాళీగా గడిచిన రాత్రిని ఏ జాడీలో పెడతాం? అంచేత వచ్చినకాడికి ఇచ్చేయాలని ఉంటుంది. కానీ బయట బోర్డు మీద ధర తగ్గిస్తే పూర్తి ధర ఇచ్చేవాళ్ళు కూడా 'మాకూ తగ్గించు' అంటారు. పేరు దాచి అమ్మితే ఆ ఇబ్బంది లేదు. పరువూ నిలుస్తుంది, నాలుగు డబ్బులూ వస్తాయి. ఇది నాకర్థమవుతుంది. ఎదురింటావిడకు తెలియకుండా పాత పట్టుచీర అమ్ముకున్న ఇల్లాళ్ళు మనలో లేరా? నా అభ్యంతరమల్లా, అమ్మేవాడి పరువు కాపాడ్డానికి కొనేవాళ్ళ కళ్ళకు గంతలెందుకని.

ఇంకో తమాషా చెప్పనా? ఈ వాకర్ గారు హోటళ్ళతో ఆగలేదు. వెబ్‌హౌస్ క్లబ్ అని పెట్టి వెచ్చాలకూ, కారులో పోసుకునే పెట్రోలుకూ కూడా ఇదే పాట పెట్టించారు. సబ్బుకు మీరెంత ఇస్తారు, నూడిల్స్‌కు మీరెంత ఇస్తారు అని ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్కటీ పాడుకుని, డబ్బు కట్టి, ఆ కాగితం పట్టుకుని అంగడికి వెళ్ళాలి. అది 2000 అక్టోబరులో మూతపడింది. పెట్టుబడులు చాలలేదనీ, నష్టాలనీ కారణాలు చెప్పారు. ఉండవచ్చు. నాకు తోచేది మాత్రం ఒకటుంది. ఇంటి వెచ్చాలు తెచ్చుకునేవాళ్ళకు జూదమాడే తీరికా ఉండదు, సరదా ఉండదు. సాయంత్రం ఆరింటికి పొయ్యి వెలగాలి. పప్పు దొరుకుతుందో దొరకదో రేపు చెబుతామంటే కుదరదు. ప్రయాణాలకూ హోటళ్ళకూ వచ్చేసరికి ఆ పగ్గాలు ఇంటి మగవాళ్ళ చేతుల్లోకి పోతాయి, అంచేత ఆట సాగింది.

నేను అసలు చెప్పదలచుకున్నదీ ఇదే. మా చెల్లెలూ మరిదీ న్యూజెర్సీలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళినప్పుడు, అందరి అమ్మానాన్నల్లాగే వాళ్ళనూ నయాగరా చూపించడానికి తీసుకెళ్ళాడు మావాడు. కొడుకూ కోడలూ, చంటిపిల్లా, వీళ్ళిద్దరూ. హోటలు గది ఇలాంటి ముసుగు బేరంలోనే పట్టాడు. 110 డాలర్ల గది 68కే కొట్టేశానని దారిపొడుగునా చెప్పాడట. రాత్రి పదకొండింటికి చేరితే, ఉన్నది ఒకటే మంచం. ఇలాంటి బేరాల్లో గది సాధారణంగా ఇద్దరికని లెక్క. ఎలాంటి మంచాలన్నది హోటలువాళ్ళ ఇష్టం. కౌంటరు దగ్గరి కుర్రవాడు మర్యాదగానే చెప్పాడట, ఈ రకం బుకింగులకు చివర్న ఏది మిగిలితే అదే ఇస్తామని. ఇంకో గది తీసుకుందామంటే ఆ పూట ధర 140. చివరికి ఏమైందో మీరూహించే ఉంటారు. మా చెల్లెలూ కోడలూ కంబళి పరుచుకుని కింద పడుకున్నారు.

'అంత చల్లటి నేల మీద నీకు నడుమెట్లా నిలిచింది?' అని నేను అడిగితే, 'ఏం చేసేదక్కా, వాడెంత సంబరపడతా ఉండాడో. నోరు తెరిస్తే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నా' అంది. పందెం కాసినవాడు మంచం మీద నిద్రపోయాడు. పందెంలో ఎవరి నడుముందో వాళ్ళను ఎవరూ అడగలేదు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు సుమా, తల్లంటే ప్రాణం. కానీ 42 డాలర్లు ఆదా చేశానని లెక్క రాసుకునేటప్పుడు ఆ కంబళి ఏ పద్దులో రాశాడు? మన ఇళ్ళల్లో జరిగే చాలా ఆదాలు ఇంతే. ఆటోకిచ్చే యాభై మిగిలిందంటే ఎవరో సంచీలు మోశారన్నమాట.

అవునూ, మన పెళ్ళిళ్ళలో తెరసెల్ల మాత్రం ఏమిటి అంటారేమో. జీలకర్రా బెల్లం పెట్టే దాకా అడ్డంగా పట్టుకుని, ఇక వెనక్కి తీసుకునే వీలులేనప్పుడు తీసేస్తారు! ఒకప్పుడు మొహాలు చూసుకోకుండానే పెళ్ళి పీటల మీద కూర్చున్న అవ్వలు మనందరి ఇళ్ళల్లోనూ ఉన్నారు. కానీ ఆ తెర వెనకున్న మనిషి గురించి మూడు తరాల వెనక్కి వెళ్ళి ఊరూరా ఆరా తీసేవాళ్ళు పెద్దవాళ్ళు. పొరపాట్లు జరగలేదనను. ఆరా తీయకుండా మాత్రం తెర కట్టలేదు.

తిరుమల సంగతీ ఎత్తుకోవాలి, ఎంచేతంటే మావాడు నాతో వాదించింది దాంతోనే. 'తిరుమలలో గది బుక్ చేసుకుంటే ఏ కాటేజీ వస్తుందో కొండెక్కే దాకా తెలుస్తుందా పెద్దమ్మా?' అన్నాడు. తెలీదు, నిజమే. కానీ అక్కడ అద్దె ఇంతని ముందే రాసి ఉంటుంది; ఆ అద్దెకు అందరికీ ఒకే తీరు. నువ్వు తెలివైనవాడివి గనక నీకు తక్కువ అని ఎవరూ ఊరించరు. ఆర్జిత సేవలకు తీసే లక్కీ డిప్‌లో అయితే పేరు వచ్చాకే డబ్బు కట్టాలి. రాకపోతే దణ్ణం పెట్టుకుని ఇంకోసారి ప్రయత్నించడమే. డబ్బు ముందు, దైవం తర్వాత అనలేదు స్వామి.

ఇక ఆ ప్రకటనల భాష. '60 శాతం దాకా తగ్గింపు' అంటారు. ఆ 'దాకా' అన్న రెండక్షరాలను మన బట్టల దుకాణాల ఆషాఢం బోర్డుల మీద చూసి చూసి మనం రాటుదేలాం, అక్కడి పిల్లలు ఇంకా తేలలేదు. నక్షత్రాలు కూడా ఆకాశంలో ఉన్నవి కావు. ఎవరి లెక్క వాళ్ళదే, ఒకరు నాలుగన్నది ఇంకొకరికి మూడు. పైన పన్నులు, సేవా రుసుములు, కారు నిలిపినందుకు వేరే. చాలా హోటళ్ళు రిసార్టు ఫీజు అని కూడా ఒకటి దిగాక వసూలు చేసేవి. ఆ రుసుములన్నీ కలిపిన ధరే మొదట చూపించాలని అమెరికా ప్రభుత్వం పెట్టిన నిబంధన 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది. పన్నులు వేరే చెప్పుకోవచ్చు. ఇది మంచి పనే. అయితే ధర మీద ముసుగు తీయమన్నారు గానీ, పేరు మీది ముసుగును ఎవరూ తప్పు పట్టలేదు.

ఒంటరిగా తిరిగే కుర్రవాడు, భుజాన ఒక సంచీ, తెల్లవారుఝామున విమానం ఉంటే ఇలాంటి గది పట్టుకోనివ్వండి, నేను కాదనను. వాడికి మంచమైనా సోఫా అయినా ఒకటే, నాలుగు గంటల నిద్ర. చదువుకునే ఆడపిల్ల విషయం వచ్చేసరికి నాకు అంత ధైర్యం చాలదు. ఆ పేటలో రాత్రిపూట వీధిదీపాలు వెలుగుతాయో లేదో, తలుపు బయటి వరండాలోకి తెరుచుకుంటుందో లోపలికో, అది చూసుకోనివ్వని బేరం చవక ఎలా అవుతుంది?

మావాడికి ఇదంతా చెబితే విన్నాడు. విని, 'అయితే ఈసారి అమ్మకు పేరున్న హోటలే చూస్తాలే పెద్దమ్మా' అన్నాడు. పేరుతో బాటు మంచాలెన్నో కూడా అడగమన్నాను.