తిన్నాక రెండు గంటలు

చిన్న జాతి కుక్కపిల్లకు కాలేయం సమస్య ఉండొచ్చని డాక్టర్ గారు అన్నాక ఇంట్లో మొదట మారాల్సింది మన చూపు. అప్పటిదాకా గిన్నె ఖాళీ అయిందా లేదా అన్నదే చూస్తాం. ఇక మీదట ఖాళీ అయ్యాక ఏం జరుగుతోందో చూడాలి. మా షిట్జు పిల్ల బుజ్జి నాకు నేర్పిన పని ఇది.

బుజ్జికి వయసుకు తగ్గ ఎదుగుదల లేదు. ఒక పూట చలాకీగా ఉంటే ఇంకో పూట మత్తుగా పడి ఉండేది. రక్తపరీక్షలో ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైమ్ కొంచెం ఎక్కువ, ఆల్బుమిన్, యూరియా తక్కువ. ఒక మధ్యాహ్నం చికెన్ తిన్న గంటకు గోడ దగ్గరికి వెళ్ళి నుదురు ఆనించి నిలబడిపోయింది. పిలిస్తే చెవి కదిలింది గానీ తల తిప్పలేదు. నోటి నుంచి చొంగ కారింది. కాసేపటికి మామూలుగానే తోక ఊపుకుంటూ వచ్చేసింది.

దీనికో కారణం ఉండొచ్చు. పేగుల నుంచి వచ్చే రక్తం ముందు కాలేయానికి వెళ్ళి శుభ్రపడాలి. యార్క్‌షైర్ టెర్రియర్, మాల్టీస్, షిట్జు, పగ్ లాంటి చిన్న జాతుల పిల్లల్లో కొన్నింటికి కాలేయం బయట పుట్టుకతోనే ఒక అడ్డదారి నాళం ఉంటుంది. దాన్ని షంట్ అంటారు. రక్తం ఆ దారిన పోతే, మాంసకృత్తులు అరిగేటప్పుడు పుట్టే అమ్మోనియా నేరుగా మెదడుదాకా చేరుతుంది. అందుకే తిన్న తర్వాతి గంటల్లో లక్షణాలు బయటపడుతుంటాయి.

పక్కింటి పెద్దావిడ ప్రేమకొద్దీ, "కార్జం ఉడికించి పెట్టమ్మా, లివర్‌కి బలం" అన్నారు. షంట్ ఉన్న పిల్లకు కార్జం, ఎర్ర మాంసం సరిపడవు. పాలు, గుడ్డు, సోయా నుంచి వచ్చే మాంసకృత్తులను అది మెరుగ్గా తట్టుకుంటుంది. అలాగని భయంతో మాంసకృత్తులు పూర్తిగా మానేస్తే ఎదిగే ఒళ్ళు చిక్కిపోతుంది. ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి. మనుషుల మందులు, ముఖ్యంగా పారాసిటమాల్, సొంతంగా వేయనే వేయకూడదు.

అనుమానం తేల్చడానికి పైత్య ఆమ్లాల పరీక్ష చేస్తారు. సాధారణంగా 12 గంటలు ఆకలితో ఉంచి ఒకసారి, కొంచెం తినిపించి 2 గంటలయ్యాక మరోసారి రక్తం తీస్తారు. మరీ చిన్న పిల్లను అంతసేపు ఆకలితో ఉంచితే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఈ గడువు డాక్టర్‌నే అడగాలి. అంకె పెరిగితే షంటే అని గుండె చెదరనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న మాల్టీస్ కుక్కల్లోనూ ఈ అంకె ఎక్కువగా కనిపించడం పశువైద్యులకు తెలిసిందే. కొన్నింటికి లోపం కాలేయంలోని అతి సన్నని నాళాల్లో ఉంటుంది. దానికి ఆపరేషన్ ఉండదు, చాలావరకు బాగానే బతుకుతాయి. తేడా తెలియాలంటే అల్ట్రాసౌండో, సీటీ స్కానో కావాలి.

షంటే అని తేలినా దారి ఉంది. ఆ నాళం చుట్టూ అమెరాయిడ్ అనే చిన్న రింగు తొడుగుతారు. దాని లోపలి కేసిన్ ఒంట్లోని తడికి ఉబ్బి, కొన్ని వారాల్లో నాళాన్ని మెల్లగా మూసుకునేలా చేస్తుంది. ఒక్కసారిగా మూసేస్తే కాలేయానికి వెళ్ళే రక్తనాళంలో ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఆపరేషన్‌కు ముందైనా, అది కుదరనప్పుడైనా లాక్టులోజ్ సిరప్, యాంటీబయాటిక్, ప్రత్యేక ఆహారం ఆసరా. లాక్టులోజ్ మోతాదును విరేచనాన్ని బట్టి సరిచేస్తారు: రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా అవ్వాలి, నీళ్ళలా కాకూడదు. మలబద్ధకం వస్తే అమ్మోనియా పెరుగుతుంది. ఇది చూసి చెప్పగలిగేది ఇంట్లో ఉన్నవాళ్ళే.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది, తర్వాత ఎలా ఉంది, విరేచనం ఎలా అయింది, బరువు ఎంత అన్నవి రాయండి. గోడకు తల ఆనించినా, గుండ్రంగా తిరిగినా ఫోన్‌లో వీడియో తీయండి. క్లినిక్‌కు వెళ్ళేసరికి పిల్ల మామూలుగా ఉంటుంది కాబట్టి డాక్టర్‌కు ఆ వీడియోనే సాక్ష్యం. ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా మాత్రం రాస్తూ కూర్చోకుండా వెంటనే తీసుకెళ్ళండి. రిపోర్టు కోసం ఎదురుచూసే రోజుల్లో ఏమీ చేయలేకపోతున్నామన్న బాధ మనిషిని తినేస్తుంది. చేయగలిగింది ఉంది. మనం శ్రద్ధగా రాసిపెట్టిన ఆ పేజీలు డాక్టర్ చేతిలో వైద్యంలో భాగమవుతాయి.